కలుపులో దొరికే కూర

ప్రత్తిపాడు దగ్గర పల్లెలో మాకు ఇల్లు తప్ప సెంటు భూమి లేదు. నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. అమ్మ మిరప తోటల్లో కలుపు తీయడానికి వెళ్లేది. పీకిన కలుపులోంచి గంగపాయల కూర, గలిజేరు ఏరి, ఒళ్లో కట్టుకుని ఇంటికి తెచ్చేది. కందిపప్పు ఉంటే పప్పులో వేసేది, లేకపోతే చింతపండు పిండి పులుసు పెట్టేది. చిన్నప్పుడు నేను తిన్న కూరల్లో చాలావరకు అవే. కొనాల్సి వస్తుందని మాకెప్పుడూ తోచలేదు.

నాన్న పోయాక నేనూ అమ్మతో కలుపుకి వెళ్లాను. అప్పటికే వానల తీరు మారిపోయింది. వారాల తరబడి ఎండ కాసి, తర్వాత ఒక్క రాత్రిలో చేలన్నీ నీళ్లతో నిండిపోయేవి. నీళ్లు దిగాక కలుపు ఒక్కసారిగా లేచేది. మళ్లీ వాన పడేలోగా కూలీలతో తీయించడం కుదరక రైతులు కలుపుమందు కొట్టడం మొదలుపెట్టారు. మమ్మల్ని పిలిచేవాళ్లు తగ్గిపోయారు.

పోయినేడు వాన వెలిశాక, పని లేకపోయినా కూరైనా దొరుకుతుందని ఇద్దరం పొలాల వైపు వెళ్లాం. ఒక తోట గట్టు పక్కన గంగపాయలు నిగనిగలాడుతున్నాయి. అమ్మ ఒడి సగం నిండింది. అంతలో అవతలి గట్టు మీంచి రైతు కేకేశాడు.

"కొయ్యమాక అక్కా! నిన్ననే మందు కొట్టించా."

"పచ్చగానే ఉంది గదన్నా."

"రేపో ఎల్లుండో మాడిపోద్ది. తింటే మీకేమన్నా అయిద్ది."

అమ్మ కాసేపు ఒళ్లో ఆకుల్ని చూసుకుంది. "మరి మమ్మల్నే కలుపుకి పిలవరాదా అన్నా?"

అతను దగ్గరికొచ్చాడు. కోప్పడలేదు. "పిలవాలనే ఉంటదక్కా. వాన ఆగితేగా? మీరు ఈ పక్క తీసేలోపు ఆ పక్క మళ్లీ లేసిద్ది. చూడు, మొక్కలు ఎట్టా కుళ్లిపోతన్నయ్యో. ఈ ఏడు నాకు మిగిలేదేంది?"

అమ్మ ఒడి విప్పి ఆకులన్నీ గట్టు మీద దులిపేసింది. చేతులు కడుక్కోవడానికి పక్కనున్న బోదె కాలవలోకి వంగింది. ఆ నీళ్లూ ముట్టుకోవద్దని అతనే ఆపాడు. ఇద్దరం అలాగే ఇంటికొచ్చాం. దారిలో అమ్మ చేతులు ఒంటికి తగలకుండా దూరంగా పెట్టుకుని నడిచింది.

చలికాలంలో అమ్మకు కళ్లు తిరగడం మొదలైంది. గుంటూరు తీసుకెళ్లాను. డాక్టరమ్మ పరీక్షలు చూసి, "రక్తం బాగా తక్కువగా ఉందమ్మా. రోజూ ఆకుకూరలు తినాలి," అంది.

"అట్టాగేనండి," అంది అమ్మ.

వచ్చేటప్పుడు బజార్లో తోటకూర కట్ట కొన్నాను. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, "దీనికి మాత్రం మందు కొట్టరా ఏంటి," అని నాకిచ్చేసింది. అయినా వండాను. తిన్నాం.

తర్వాత ఇద్దరం మిరపకాయలకు తొడిమలు తీసే పనికి కుదిరాం. రేకుల షెడ్డు కింద సెగ, గాల్లో ఘాటు. ముక్కుకి గుడ్డ కట్టుకున్నా అమ్మకు దగ్గు ఆగేది కాదు. వానలకు కాయలు రంగు పోయి తాలైపోయి సరుకు రావడం తగ్గింది. ఒక సాయంత్రం మేస్త్రీ వచ్చి, "రేపట్నుంచి రాబాకండి," అన్నాడు.

ఏ పనున్నా కబురు పెట్టమని అమ్మ అడిగింది. చూద్దాంలే అన్నాడు. ఇంతవరకు కబురు రాలేదు.