కొలంబో కాకులు తిన్న పథ్యం

1936 జనవరిలో నన్ను ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం ఆడవాళ్ళ డిస్పెన్సరీకి బదిలీ చేశారు. హోదా సబ్ అసిస్టెంట్ సర్జన్. చివర సర్జన్ అని ఉన్నా, జీతమూ మర్యాదా ముందున్న రెండు మాటలను బట్టే అందేవి. నాకు పైన అసిస్టెంట్ సర్జన్, ఆ పైన ఏలూరులో జిల్లా మెడికల్ ఆఫీసరు. ఇది ప్రభుత్వం వేసిన వరస. ఆడదాన్ని, క్రైస్తవురాలిని, పైగా పెళ్ళి చేసుకోనిదాన్ని కాబట్టి, ఏ ఉద్యోగమూ లేనివాళ్ళు కూడా నాకు పైనే ఉన్నామనుకునేవారు. ఇంట్లో కాన్పు కష్టమైన పూట మాత్రం ఆ సంగతి వాళ్ళకు గుర్తొచ్చేది కాదు.

ఆ ఊళ్ళో ఒక రైసుమిల్లు యజమాని ఉండేవారు. ఆయన్ని సుబ్బారాయుడుగారందాం. ఆకివీడు, ఉండి ఊళ్ళ వైపు ధాన్యం చాలావరకు ఆయన మిల్లుకే వచ్చేది. తినడానికీ కట్టడానికీ లోటు లేనివారికి వచ్చే జబ్బే ఆయనకూ వచ్చింది. రావుసాహెబు బిరుదు కావాలి. విదేశంతో వర్తకం చేసేవాడంటే దొరలకు గురి ఉంటుందని ఏలూరులో ఎవరో చెప్పారు. సింహళానికి బియ్యం స్వయంగా ఎగుమతి చేస్తే బాగుంటుందని ఇంకెవరో చెప్పారు. పెద్దమనిషి అన్నవాడు సతీసమేతంగా, సొంత డాక్టరుతో ప్రయాణిస్తాడనీ, దొరలు దిగే హోటల్లోనే దిగుతాడనీ మూడోవారు చెప్పారు. ఈ ముగ్గురిలో ఎవరూ కొలంబో చూసినవారు కారు.

సొంత డాక్టరు అవసరం నిజానికి ఉన్నది ఆయన భార్య మహలక్ష్మమ్మగారికి. ఆవిడకు మధుమేహం. ఆ ఏడాది మొదటినుంచీ నేనే ఇన్సులిన్ ఇస్తున్నాను. అప్పటికది మా ప్రాంతంలో కొత్త మందు. పొద్దున్నా సాయంత్రమూ చర్మం కింద సూది వెయ్యాలి. అది నెత్తుటిలో చక్కెరను దించుతుంది. సూది పడ్డాక అరగంటలో రోగి భోంచెయ్యాలి. చెయ్యకపోతే మందు తన పని తాను చేసుకుపోతుంది. దించవలసిన చక్కెరా, దించకూడని చక్కెరా అన్న విచక్షణ దానికి లేదు. ముచ్చెమటలు పోస్తాయి, మాట తడబడుతుంది, మతి చెదురుతుంది, మూర్ఛ వస్తుంది. ఆలస్యమైతే ప్రాణం పోతుంది.

సర్కారు డాక్టరు ఒక ప్రైవేటు రోగి వెంట దేశం దాటాలంటే జిల్లా మెడికల్ ఆఫీసరు అనుమతి కావాలి. మామూలుగా ఆయన ఏ కాగితం మీదైనా నెలల తరబడి ఆలోచించేవారు. నా సెలవు కాగితం మీద మాత్రం వెంటనే సంతకం పెట్టారు. కొన్నాళ్ళు నేను జిల్లాలో ఉండకపోవడం ఆయనకూ ఆరోగ్యమే.

వేసవిలో బయలుదేరాం. మద్రాసు దాకా రైలు, అక్కణ్ణుంచి ధనుష్కోటికి మరో రైలు, సముద్రం మీద స్టీమరు, మళ్ళీ రైలు. దారిలో మండపం దగ్గర, సింహళం తేయాకు తోటలకు పోయే కూలివాళ్ళను దింపి, క్యాంపులో ఉంచి, అంటురోగాలేమైనా ఉన్నాయేమోనని పరీక్షించేవారు. ఫస్టుక్లాసువాళ్ళకు సలాం చేసి పంపేవారు. టిక్కెట్టు తరగతి చూసి తప్పుకునే మర్యాద క్రిములకు ఉందని అక్కడివారి నమ్మకం కాబోలు. దారి పొడుగునా మహలక్ష్మమ్మగారు ఇంటినుంచి తెచ్చుకున్నవే తిన్నారు. చిక్కంతా ఆ మూటలు ఖాళీ అయ్యాక మొదలైంది.

కొలంబోలో మేం దిగిన హోటలు సముద్రం ఒడ్డున ఉంది. తివాచీలు, పంఖాలు, తెల్ల గుడ్డలూ ఎర్ర నడికట్లూ కట్టిన నౌకర్లు, సాయంకాలం బ్యాండు. నాకు బాగా నచ్చింది. భోజనాల హాల్లో నాకొక బల్ల, కుర్చీ. నా కులం, మతం ఎవరూ అడగలేదు. మటను, పుడ్డింగు అడక్కుండానే తెచ్చారు. మహలక్ష్మమ్మగారు మాత్రం గదిలో అడుగుపెట్టి, లోపలి తలుపు తీసి చూసి, గుమ్మంలోనే ఆగిపోయారు.

“ఏవండీ, ఇంత మేడ కట్టారు కదా, పాయిఖానా పెట్టుకోడానికి పెరడు లేకపోయిందా అండీ వీళ్ళకి? పడుకునే గదిలోనా?”

“అదే గొప్పండీ ఇక్కడ,” అన్నారు సుబ్బారాయుడుగారు. “దానికే కదండీ అంత అద్దె.”

నేను వంటవాళ్ళతో మాట్లాడి పథ్యం ఏర్పాటు చేశాను. ఉడికించిన కూరలు, కొద్దిగా అన్నం, రొట్టె, వెన్న తీసిన మజ్జిగ, అన్నీ తూచి గదికే పంపాలి. ఆవిడ మంది ముందు భోంచెయ్యరు, నా ముందు అసలే చెయ్యరు. అన్యమతస్థురాలి కన్నుపడ్డ అన్నం మడి ఇంట్లో పనికిరాదు. సూది మాత్రం నా చేత వేయించుకోవచ్చు. చర్మం కిందికి పోయేదానికి మడి వర్తించదని ఆవిడ తీర్పు. పళ్ళెం ఖాళీగా తిరిగి వచ్చిందా లేదా అన్నది సుబ్బారాయుడుగారు నాకు చెప్పేవారు. “పళ్ళెం అద్దంలా ఉందండీ డాక్టరమ్మగారూ,” అనేవారు. మూత్రాన్ని నీలపు మందులో వేసి మరగబెట్టి చూస్తే రంగు నీలంగానే ఉండేది. చక్కెర ఉంటే అది పచ్చ, పసుపు, చివరికి ఇటుకరంగు తిరగాలి. నీలం నిలిచిందంటే వైద్యం పనిచేస్తోందని ఏ డాక్టరైనా అనుకుంటాడు. అక్కడ పనిచేస్తున్నది వైద్యం కాదు, ఉపవాసం.

మూడోనాడు ఒక దొర, బియ్యం దళారీ, సుబ్బారాయుడుగారిని చూడడానికి హోటలుకు వచ్చాడు. పెద్దమనుషులు భార్యలను పరిచయం చేస్తారని విన్నారు కాబట్టి ఆయన మహలక్ష్మమ్మగారిని వరండాలో, సముద్రానికెదురుగా, పేము కుర్చీలో కూర్చోబెట్టారు. పక్కన నన్ను. పొద్దున సూది వేశాను. పళ్ళెం అద్దంలా ఉందని కబురూ వచ్చింది. దొర తడి బియ్యం, పొడి బియ్యం గురించి మాట్లాడుతున్నాడు. ఆవిడ నుదుట చెమట పట్టడం చూశాను. ఉక్కపోత అనుకోవడానికి వీల్లేదు, సముద్రపు గాలి ముసుగులెగరగొడుతోంది. నాడి చూద్దామని చెయ్యి చాచేలోపల ఆవిడ లేచి నిలబడి భర్తకేసి వేలు చూపించారు.

“ఒరేయ్ సుబ్బారాయుడూ! ఈ ఎర్రమూతివాణ్ణి పంపించెయ్. కల్లంలో ధాన్యం తడిసిపోతూంటే కబుర్లేంట్రా?”

దొర మర్యాదగా, అమ్మగారేమంటున్నారని అడిగాడు. మీకు స్వాగతం చెబుతోందని సుబ్బారాయుడుగారు తర్జుమా చేశారు. ఆయన ముఖం సున్నంలా అయిపోయింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆవిడ ఆ పేరు పలకలేదు. అదే పేరున్న పాలేరును కూడా ‘ఆయన పేరువాడు’ అనేవారు. దెయ్యం పట్టిందన్నారాయన నా చెవిలో. నాకు మాత్రం సంగతి తెలిసిపోయింది. చక్కెర పడిపోయినప్పుడు కనిపించే లక్షణాలు మా పుస్తకాల్లో చాలా ఉన్నాయి. భర్తను పేరుపెట్టి పిలవడం వాటిలో లేదు. గోదావరి జిల్లాలకు అది కలుపుకోవాలి.

బల్లమీద పంచదార గిన్నె ఉంది. నీళ్ళలో కలిపి నోటికి అందించాను. ఆవిడ పళ్ళు బిగించారు. మతి పోయినా నియమం పోలేదు. “ఎముకల పంచదార,” అని తల తిప్పేశారు. మిల్లు పంచదారను ఎముకల బొగ్గుతో తెల్లబరుస్తారని ఆవిడ ఇంట్లో వాడరు. బెల్లం ఒక్కటే పనికొస్తుంది. బట్లరును బెల్లం అడిగాను. ఫ్రాన్సు జున్ను ఉంది, స్కాట్లండు బిస్కట్లున్నాయి, బెల్లం మాత్రం లేదు. అంత పెద్ద హోటల్లో చిల్లర కొట్టులో దొరికే సరుకు దొరకలేదు. ఈలోగా ఆవిడ కుర్చీలోంచి జారిపోయారు. ఇక వాదనకు వ్యవధి లేదు. పెట్టెలో గ్లూకోజు ఆంపూల్సు ఎప్పుడూ ఉంచుకునేదాన్ని. వరండా నేలమీదే మోచేతి పైన పట్టీ బిగించి, నరం పట్టి, మెల్లిగా ఎక్కించాను. మందు పూర్తయ్యేలోగానే ఆవిడ కళ్ళు తెరిచి ముసుగు సరిచేసుకున్నారు. దొర అప్పటికే టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

గదిలో పడుకోబెట్టాక ఆవిడ మొదటి ప్రశ్న, “నేనేమైనా అన్నానా అండీ?”

ఉన్నదున్నట్టు చెప్పాను. ప్రాణం మీదికి వచ్చిందన్నప్పుడు చలించని మనిషి, మొగుడి పేరు దగ్గరికి వచ్చేసరికి చెంపలు వాయించుకున్నారు. అది పూర్తి కానిచ్చి, ఈ మూడు రోజులూ ఏం తిన్నారో నిజం చెప్పమన్నాను. అరటిపళ్ళు, కొబ్బరినీళ్ళు. మరి పథ్యమో? కిటికీలోంచి కాకులకు. కొలంబో కాకులు నేను ఎక్కడా చూడనంత లావుగా ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది.

“తిన్నానని అబద్ధం ఎందుకు చెప్పించారండీ?” అన్నాను.

“తిన్నానని నేనెప్పుడన్నానండీ? పళ్ళెం ఖాళీ అయిందన్నాను. వండినవాడెవడో, వాడి చెయ్యేవిటో తెలీకుండా ముద్దెలా దిగుతుందండీ గొంతులోకి?”

హోటలు మారాలని సుబ్బారాయుడుగారితో చెప్పాను. పేటలో, అంగళ్ళ మధ్య, తిరునల్వేలి అయ్యరొకాయన నడిపే భోజన వసతి ఉందని స్టేషనులో విన్నాను. సుబ్బారాయుడుగారు గుండెమీద చెయ్యి వేసుకున్నారు.

“అంగళ్ళ సందులోనా అండీ? రేపు కలెక్టరుగారు ఎక్కడ దిగావయ్యా అంటే ఏం చెప్పనండీ?”

“బిరుదొస్తే మీకొస్తుందండీ. మూర్ఛొస్తే ఆవిడకొస్తుంది. రెండిట్లో ఏది ముందు కావాలో చెప్పండి. ఆవిడను ఆ అయ్యరు వంటకు మార్చేదాకా నేను సూది పట్టుకోను. సూది లేకపోతే పుండు పడుతుంది, పుండు పడితే కాలు తీస్తారు. కాలు లేని భార్యను దొరలకెలా పరిచయం చేస్తారు?”

ఆయన చివరికి రాజీకి వచ్చారు. మనుషులు అయ్యరు సత్రంలో ఉండేటట్టూ, కోటూ బూట్లూ ఉన్న తోలుపెట్టె పెద్ద హోటల్లోనే ఉండేటట్టూ. పూర్తి అద్దె కట్టిన ఆ గదిలో సముద్రం చూస్తూ పెట్టె ఒక్కటే కాపురం చేసింది. రోజూ పొద్దున ఆయన అయ్యరు దగ్గర మూడు మారులు వడ్డించుకుని, బండెక్కి హోటలుకు పోయి, కోటు తొడుక్కుని, వరండాలో ఎవరైనా చూస్తారేమోనని కూర్చునేవారు. చూసినవారు ఎవరూ లేరు. చాప మీద ఆయన గురక వింటే మాత్రం, దేశం వదిలినప్పటినుంచి ఆయనకు అంత సుఖం దొరకలేదని తెలిసేది.

సత్రంలో ఒకే సున్నపు గది, చాపలు, బావి, పెరటి చివర పాయిఖానా. అది చూసి మహలక్ష్మమ్మగారి ప్రాణం కుదుటపడింది. ఇన్సులిన్ సీసాకు పెద్ద హోటల్లో మంచుపెట్టె ఉండేది. ఇక్కడ తడి ఇసుకలో కొత్త కుండ పెట్టి అందులో ఉంచాను. కానీ అయ్యరు నన్ను భోజనశాల గడప దాటనివ్వలేదు. క్రైస్తవులకు పక్క వసారాలో, గోడవైపు తిరిగి కూర్చుంటే ఆకు వేస్తారట. పెద్ద హోటల్లో నాకు కుర్చీ ఉంది, ఆవిడకు అన్నం లేదు. ఇక్కడ ఆవిడకు అన్నం ఉంది, నాకు గడప లేదు. చవకదైనా ఖరీదైనదైనా, ఇద్దరు ఆడవాళ్ళు కలిసి దిగడానికి పనికొచ్చే హోటలు ఆ ద్వీపంలో కట్టలేదు.

గోడవైపు తిరిగి తినడం నాకు పెద్ద లెక్క కాదు, అయ్యరుకు చెప్పవలసినవి చెప్పేశాను. తమిళంలో కాదు కాబట్టి ఆయనకు సగమే అందాయి. అసలు చిక్కు వేరు. కాకుల సంగతి తెలిశాక, ఆవిడ ముద్ద మింగడం నా కళ్ళతో చూసే వీలు లేకపోతే సూది వేసే ప్రసక్తి లేదు. ఆ మాటే మహలక్ష్మమ్మగారికి కచ్చితంగా చెప్పాను. సూది నింపి వసారాలో కూర్చున్నాను. లోపల ఆకు వేశారు, అన్నం పొగలు కక్కుతోంది, ఆవిడ ముట్టుకోలేదు, నేను లేవలేదు. సుబ్బారాయుడుగారు మధ్యలో నిలబడి “ఏవండీ” అని ఒకసారి ఆవిడనూ, “అమ్మగారూ” అని ఒకసారి నన్నూ బతిమాలారు.

కాసేపటికి ఆవిడ లేచి, తన ఆకు రెండు చేతులా ఎత్తుకుని, గడప దాటి వసారాలోకి వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. అయ్యరు గోలపెట్టారు. ఆవిడ తల తిప్పకుండా సమాధానం చెప్పారు.

“మాది కొల్లేరు పక్కండీ. వరదొచ్చి ఇల్లు మునిగితే అందరం ఒకే పడవ ఎక్కేస్తాం. ఎక్కాక పక్కన ఎవరు కూచున్నారు, ఎవరు చూశారు అని ఉండదండీ. వంట మాత్రం మనవాళ్ళదై ఉండాలి. చుట్టూ సముద్రం పెట్టుకుని ఇది మాత్రం పడవ కాదేంటండీ? వండింది మీరు, మీ వంటకొచ్చిన లోటేం లేదు. ఈవిడ చూస్తుంది. చూడనివ్వండి.”

ఈ వాదన ఏలూరు కోర్టులో ఏ ప్లీడరూ ఇంత శుభ్రంగా చెయ్యలేడు. తప్పు పట్టాలని నేనూ ప్రయత్నించాను, దొరకలేదు. చెయ్యి చాచారు, సూది వేశాను. అరగంట ఎదురుబొదురుగా కూర్చున్నాం. తరువాత ఆవిడ చారన్నం తిన్నారు, కూర తిన్నారు, మజ్జిగ తాగారు, ప్రతి ముద్దా నేను చూశాను. పప్పులో కారం లేదని అయ్యరును ఒక మాటన్నారు కూడా. కొలంబోలో ఉన్నన్నాళ్ళూ రెండు పూటలా అంతే జరిగింది. మళ్ళీ చక్కెర పడలేదు, భర్త పేరు మళ్ళీ వినపడలేదు. బియ్యం బేరం కుదరలేదు, బిరుదూ రాలేదు. ఆ రెంటికీ వైద్యం నా చేతిలో లేదు.

ఉద్యోగంలో ఉన్న మిగతా ఏళ్ళన్నీ నేను ఒక పద్ధతి మార్చుకున్నాను. సూది ముందు, భోజనం తరువాత అని పుస్తకం రాసినవాడు, వడ్డించింది రోగి తింటాడని అనుకుని రాశాడు. అతని దేశంలో తింటారేమో. మన దేశంలో తిన్నారా అని అడిగితే తిన్నామనే చెబుతారు, అది మర్యాద. అందుకే ఇన్సులిన్ మొదలుపెట్టే ప్రతి ఇంట్లోనూ, నాడి చూడకముందే, మా నర్సులు నవ్వుకున్నా సరే, మొదట ఒకటే అడిగేదాన్ని. ఈ ఇంట్లో వండేదెవరు, ఆ చేతివంట ఈవిడ తింటుందా అని.