అతిమధురం బిళ్ళలు

రూల్ఫ్‌కి కూర్చోవడం రాదు. గ్రోనింగెన్ ఊళ్ళో రైలు స్టేషన్ వెనక సైకిళ్ళు బాగుచేస్తాడు, ఆ పనీ నిలబడే చేస్తాడు. అలాంటి మనిషిని మందుల పరిశోధన కేంద్రానికి పిలిచి మంచం మీద పడుకోమంటే ఏం పడుకుంటాడు, పాపం! సాయంత్రమంతా కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరిగాడు.

తిరగడానికి ఇంకో కారణమూ ఉంది. కొత్త మందు వేయించుకుని, రక్తమిచ్చి, రెండు వారాలు అక్కడే ఉంటే మంచి డబ్బిస్తారు. ఇదివరకూ వెళ్ళాడు. ఈసారి మాత్రం అదనపు మనిషిగా పిలిచారు. పొద్దున్న పరీక్షలో ఎవరైనా తప్పితేనే అతనికి చోటు, లేకపోతే దారిఖర్చులిచ్చి పంపేస్తారు. కాలవలో ఉన్న వాళ్ళ పడవ ఇంట్లో ఇనప పొయ్యి పగిలి పొగ కక్కుతోంది. పోయిన చలికాలమంతా భార్య ఆఫ్కే దగ్గుతూనే ఉంది. ఈ డబ్బొస్తేనే కొత్త పొయ్యి. చూస్తూ ఉండగానే మళ్ళీ చలి వచ్చేస్తోంది.

పక్క మంచం వుబ్బోది. సరుకు పడవలు నడిపి నడిపి మానేసిన ముసలాయన. పొద్దున్న పరీక్ష నెగ్గితే ఆయనకి చోటు ఖాయం.

"ఒరేయ్ అబ్బాయ్, కాస్త కూర్చోరా! నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

"కూర్చుంటే అరికాళ్ళు దురద పెడతాయి బాబాయ్."

"నాకైతే నాలుక దురద పెడుతోంది. రక్తపోటు పెరుగుతుందని వారం నుంచీ అతిమధురం బిళ్ళలు మాన్పించారు, దుర్మార్గులు! నీ జేబులో ఒక్కటైనా లేదూ?"

ఉంది. ఆ ఊళ్ళో ఎవరి కోటు దులిపినా ఉప్పేసిన ఆ నల్ల బిళ్ళ ఒకటైనా రాలుతుంది. పొట్లం ఇంట్లో పెట్టి రావడం మర్చిపోయాడు, అంతే. అడిగినవాడికి లేదనడం మర్యాద కాదు, అందుకే ఇచ్చానని తర్వాత తనకి తనే ఎన్నిసార్లో చెప్పుకున్నాడు. ఒట్టి అబద్ధం. ఇస్తున్నప్పుడే కడుపులో ఒక పాడు ఆశ లేచింది. ఒకటి అడిగితే గుప్పెడు ఇచ్చాడు. వుబ్బో పసిపిల్లాడిలా చప్పరిస్తూ ఉంటే, నోట్లో నువ్వుగింజ నానని రూల్ఫ్ పొయ్యి సంగతీ దగ్గు సంగతీ అంతా చెప్పేశాడు. పాడు ఆశ సంగతి తప్ప.

పొద్దున్న నర్సు ఈనెకే వుబ్బో చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూసింది. కాసేపాగి మళ్ళీ చూసింది.

"చాలా ఎక్కువగా ఉంది వుబ్బో గారూ, మిమ్మల్ని తీసుకోలేం. రూల్ఫ్ గారూ, ఆయన చోటు మీకే."

వుబ్బో చొక్కా గుండీలు పెట్టుకుంటూ నవ్వాడు. "ముసలి గుండె, ఏం చేస్తాం! పోనీలేరా, నీకన్నా దక్కింది. దగ్గుతున్న ఆ పిల్లకి మంచి పొయ్యి కొనిపెట్టు."

తిట్టినా బాగుండేది. రూల్ఫ్ మంచమెక్కాడు, దిగాడు, మళ్ళీ ఎక్కాడు. ఆఫ్కే దగ్గు గుర్తుచేసుకుని పళ్ళు బిగబట్టాడు. ముసలాయన సంచీ భుజాన వేసుకుని తలుపు దాటుతుంటే ఇక ఉండబట్టలేదు.

"అమ్మా, తప్పు ఆయన గుండెది కాదు! నిన్న బిళ్ళలు పెట్టింది నేనే."

ఈనెకే అతని కేసి జాలిగా చూసింది. "గుప్పెడు బిళ్ళలకి ఒక్క పూటలో ఇంత పెరగదండీ. ఇది ఎన్నాళ్ళదో. ఆయన ఇవాళే డాక్టరుకి చూపించుకోవాలి. మీరు బిళ్ళలు ఇవ్వకపోయినా పంపేసేవాళ్ళమే."

రూల్ఫ్ ప్రాణం లేచొచ్చింది.

"కానీ వద్దన్నది లోపలికి తెచ్చి పంచిపెట్టారు. ఇప్పుడు మిమ్మల్నీ ఉంచుకోలేను."

బస్టాపులో వుబ్బో పడీపడీ నవ్వాడు. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నావు కదరా! నోరు మూసుకుని పడుకుంటే ఏం పోయింది, వెధవా?"

"పడుకోవడం నాకు రాదు కదా బాబాయ్."

"సరేలే, ఎలాగూ గెంటేశారు. ఇంకో బిళ్ళ పడెయ్."

"చంపుతాను. ముందు డాక్టరు దగ్గరికి పద."

జేబులో ఫోను మోగింది. ఆఫ్కే. హలో కంటే ముందు దగ్గు వినిపించింది. అది ఆగేదాకా రూల్ఫ్ ఫోను చెవికి ఆనించుకుని అటూ ఇటూ తిరిగాడు.

"చోటు దొరికిందా?" అంది ఆఫ్కే.

రూల్ఫ్ బస్టాపు బల్ల మీద కూర్చుండిపోయాడు.