కాలు ముట్టుకుంటే నవ్వొస్తుంది

నా అరికాలు ఎవరి చేతికీ లొంగదు. చిన్నప్పుడు చెప్పుల షాపులో కొలత తీయబోయిన ఆయన్ని తన్నాను. పెళ్లిలో కాళ్లు కడుగుతున్న మామగారి మీద పళ్లెంలో నీళ్లన్నీ చిమ్మాను. పెళ్లి వీడియోలో ఆ ముక్క దగ్గర ఇప్పటికీ ఆపి ఆపి చూస్తారు. ఈ కాలే ఒకరోజు నా ప్రాణం కాపాడుతుందని ఎవరైనా చెప్తే నమ్మేవాణ్ణి కాదు.

కరోనా తగ్గి నేను ఆసుపత్రి నుంచి కొంపల్లిలో మా ఫ్లాట్‌కి చేరేసరికి భీమవరం నుంచి అమ్మ దిగింది. నీరసపడ్డ మనిషికి అమ్మకు తెలిసిన వైద్యం ఒక్కటే, బాలింతకు చేసేది. చెవుల్లో దూది, తలకు గుడ్డ, మొదటి ముద్ద వెల్లుల్లి కారంతో. మంచినీళ్లు కూడా మంచం దగ్గరికే.

"ఒళ్లు పచ్చిగా ఉందిరా, మంచం దిగావంటే ఒట్టే" అనేది అమ్మ.

"ఉయ్యాల కూడా కట్టమంటారా అత్తయ్యా?" అనేది నా భార్య. నేను మాత్రం సిగ్గులేకుండా ఆ భోగమంతా అనుభవించాను.

అలా పడుకుని ఉండగానే ఎడమ పిక్క పట్టేసింది. నరం పట్టిందని అమ్మ తేల్చేసింది. బాలింత వైద్యంలో ఇక మిగిలింది మాలిష్ ఒక్కటే కదా. మా కాలనీలో పసిపిల్లలకీ తల్లులకీ నూనె రుద్ది నీళ్లు పోయడానికి దగ్గర్లోని రావల్కోల్ అనే ఊరి నుంచి ఒక అవ్వ వస్తుంది. అమ్మ ఆమెను లిఫ్టు దగ్గర పట్టుకుని తీసుకొచ్చింది. అవ్వ నన్నూ నా మీసాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఏందమ్మా, పోరడు గింత పెద్దగున్నడు!"

గోరువెచ్చని నువ్వుల నూనె గిన్నె పక్కన పెట్టుకుని నా మడమ పట్టుకుంది. అంతే, ఎగిరిపడ్డాను. అమ్మ నా భుజాలు నొక్కి పట్టుకుని "ఒక్క నిమిషం ఓర్చుకోరా" అంటోంది. అవ్వ వేళ్లు పిక్కదాకా రాకముందే, నవ్వుతో ఊపిరాడక ఒక్క తన్ను తన్నాను. నూనె గోడకీ, దుప్పటికీ, నా పైజామాకీ, అవ్వ కొంగుకీ సమానంగా పంపకమైపోయింది.

"మస్తు మందికి జేసిన గానీ గిసోంటి బిడ్డను సూడలే. ఇగ నాతోని గాదు" అంటూ అవ్వ లేచి వెళ్లిపోయింది.

నూనె పైజామా మార్చుకుంటుంటే కొత్తది కుడికాలికి ఎక్కింది, ఎడమ పిక్క దగ్గర ఇరుక్కుంది. నా భార్య రెండు పిక్కలూ పట్టి చూసింది. ఎడమది ఉబ్బి, వేడిగా ఉంది. వెంటనే సుచిత్ర చౌరస్తా దగ్గరున్న ఆసుపత్రికి పరిగెత్తించింది.

కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందన్నాడు డాక్టరు. కరోనాలోనూ, తగ్గాక కొన్నాళ్లూ ఇలా జరగొచ్చట. కదలకుండా పడుకుంటే ముప్పు ఇంకా ఎక్కువట.

"కాలు ఎవరైనా రుద్దారా?"

"రుద్దబోయారండి. నాకు చక్కిలిగింతలు."

ఆయన నవ్వలేదు. "రుద్ది ఉంటే గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోయేదేమో. అప్పుడు మనిషి దక్కడం కష్టం" అన్నాడు.

పక్కన అమ్మ తన చేతులకేసి చూసుకుంటోంది. నా భుజాలు నొక్కి పట్టింది ఆ చేతులతోనే.

గడ్డ కరగడానికి నెలల తరబడి మందులు మింగాను. డాక్టరు నడవమన్నాక కాలనీ చుట్టూ నన్ను తరిమింది అమ్మే. కానీ నా కాళ్ల దరిదాపులకు మాత్రం రాలేదు. దుప్పటి జారినా నా భార్యనే పిలిచేది. ఎందుకమ్మా అంటే "నా చేతుల మీద నాకే నమ్మకం పోయిందిరా" అంది. నన్ను జబ్బుకంటే ఆ మాటే ఎక్కువ బాధపెట్టింది.

గడ్డ పూర్తిగా కరిగిందని డాక్టరు మందులు ఆపేసిన రోజు, ఇంటికొచ్చి అమ్మ పక్కన కూర్చుని కాలు చాపాను. అమ్మ చాలాసేపు ముట్టుకోలేదు. చివరికి ఒక్క వేలితో అరికాలు గీకింది. నేను ఎగిరిపడ్డాను.

"ఏదీ, ఇంకోసారి ఎగురు" అంటూ, కళ్లు తుడుచుకోకుండానే మళ్లీ గీకింది.