శాశ్వతంగా మూసేసిన హోటల్లో ఉగ్గాని

మా హోటల్ శాశ్వతంగా మూతపడిందన్న సంగతి, ఆ హోటల్లోనే కూర్చుని బొరుగుల ఉగ్గాని, బజ్జీ తింటున్న ఒక మాస్టారు చెబితే నాకు తెలిసింది. నేను పెనం మీద దోసె తిప్పుతున్నాను. ఆయన తన ఫోన్ నా వైపు తిప్పి, "ఏమమ్మా, మూసేసినారంట కదా?" అన్నాడు. అడిగినాయన మూతికి ఇంకా మా బజ్జీ నూనె అంటుకునే ఉంది.

ఎలా జరిగిందో మాకు తెలియదు. బంధువుల పెళ్లికని అమరాపురం వెళ్లినప్పుడు కొన్నాళ్లు షట్టర్ దించాం. ఎవరో పుణ్యాత్ములు వచ్చి, తాళం చూసి, మేం దుకాణం ఎత్తేశామని ఫోన్ మ్యాపులో ఎక్కించి ఉంటారు.

మొదట నవ్వుకున్నాను. పెనుకొండలో మమ్మల్ని ఫోన్లో వెతుక్కుని వచ్చేదెవరు, సాంబారు వాసన చాలదా అనుకున్నాను. మా ఆయన మాత్రం నవ్వలేదు.

"ఊర్లో వాళ్లతో కాఫీ పొడి ఖర్చు వస్తాది. బాడుగ కట్టేది మాత్రం ఆదివారం కోట చూసేకి వచ్చే బెంగళూరోళ్ల దుడ్లతోనే. వాళ్లు ఫోన్ చూడకుండా కారు దిగరు. ఇట్లే ఉంటే నిజంగానే మూసేయాల" అన్నాడు. అప్పుడు నాకు గుండె జారిపోయింది.

ఈలోగా పరామర్శలు మొదలయ్యాయి. హిందూపురం నుంచి మా ఆడబిడ్డ సంచి నిండా బత్తాయిలతో దిగింది. ఊరికే హోటల్ మూయరు కదా, తమ్ముడికి ఏదో అయిందని ఆమె లెక్క. ఆ తమ్ముడే ఎదురెళ్లి సంచి అందుకున్నాడు. అయినా ఆమె కళ్ల మీద నుంచి కొంగు తీయలేదు. దోసె పెట్టాను. తింది. ఇంకోటి వేయమంది.

"వదినా, ఈడ కూసోని దోసె తింటాండావు కదా, మూసేసినామని ఎట్ల అనుకుంటాండావు?" అన్నాను.

"తింటాండా లేమ్మా. గానీ అంతమంది చూసే ఫోన్లో ఊరికే రాస్తారా? నా దగ్గర దాచేదేముండాది, చెప్పు" అంది.

నాకు ఒళ్లు మండింది. అది చాలదన్నట్టు, ధర్మవరం నుంచి మా చిన్నాన్న ఫోన్ చేసి, గ్రైండర్ అమ్మేట్టుంటే తనకే ఇవ్వమన్నాడు.

ఆదివారం వచ్చింది. కారొకటి మా గడప ముందే ఆగింది. దిగినాయన ఫోన్ చూశాడు, బోర్డు చూశాడు, ఇడ్లీ పాత్ర మీది ఆవిరి చూశాడు, మళ్లీ ఫోన్ చూశాడు. "క్లోజ్ అయిపోయిందంట" అని కారులో ఉన్న భార్యకు చెప్పాడు.

నేను గరిటె పట్టుకునే బయటికి వచ్చాను. "ఏమప్పా, మూసేసుంటే ఈ పొగ యాడనుంచి వస్తాండాది?"

ఆయన భయపడ్డాడు గానీ నమ్మలేదు. "అదే పేరుతో కొత్తగా పెట్టినారా మేడం?" అని మర్యాదగా అడిగి, నేను నోరు తెరిచేలోపే భార్యను దించుకుని ఎదురు హోటల్‌కు నడిచాడు. అక్కడ వడ నిన్నటిదని ఊరందరికీ తెలుసు. ఫోన్‌కు తెలియదు. ఆ పూట మిగిలిపోయిన ఇడ్లీలు చూస్తుంటే ఏడుపొచ్చింది. దాచడమెందుకు, ఏడ్చాను కూడా.

మరుసటి రోజు నుంచి ఒక రూలు పెట్టాను. రెండోసారి చట్నీ కావాలంటే, ఈ హోటల్ తెరిచే ఉందని ముందు ఫోన్లో రాయాలి. మాస్టారు తాను రాసి, రాయడం తెలియనివాళ్లకు దగ్గరుండి నేర్పాడు. చట్నీ మీది ఆశతో మళ్లీ మళ్లీ రాసినవాళ్లూ ఉన్నారు. ఎవరి రాత పనిచేసిందో గానీ, కొన్నాళ్లకు ఫోన్లో ఆ మాట పోయింది. ఆ ఆదివారం కార్లు వచ్చాయి. ఇడ్లీలు పొద్దెక్కకముందే అయిపోయాయి. నాకు పట్టరాని సంతోషం.

ఆడబిడ్డ ఫోన్ చేసింది. "మళ్లీ తెరిచినారంట కదమ్మా! నేను మొక్కుకున్నది ఊరికే పోలేదు."

నాలుగు మాటలు అనాలని నోటిదాకా వచ్చింది. కానీ అనడానికి నాకు మాత్రం మొహమెక్కడిది? రోజూ పొద్దున్నే తాళం తీసి, మా ఆయన షట్టర్ మీద చెయ్యి వేసి ఆగుతాడు. నేను ఫోన్ తీసి చూస్తాను.

"తెరిచే ఉండామంట, ఎత్తండి" అంటాను.