తోడల్లుళ్ళ కూడికల యంత్రం

ఆ వీధి మొత్తానికి కళ్ళజోళ్ళ దుకాణం ఒక్కటే. అందుకని దాని యజమానిని అందరూ అద్దాలాయన అనేవారు. ముందు గదిలో ఫ్రేములు, అక్షరాల చార్టు, చూపు పరీక్షించే కుర్చీ ఉండేవి. పరదా తీసి వెనక గదిలోకి వెళితే మాత్రం వేరే లోకం. గోడ పొడుగునా అరల నిండా పాతకాలపు లెక్కల యంత్రాలే. హ్యాండిల్ తిప్పితే గుణించేవి, మీట నొక్కితే కూడేవి, పుల్లతో అంకెలు జరుపుకునే జేబు సైజు రేకు పలకలు, కాగితం చుట్ట మీద అచ్చుకొడుతూ ఇల్లదిరేలా మోగే ఇనప దిమ్మ ఒకటి. పాత సామాన్ల కొట్లలోంచీ, మూతబడిన ఆఫీసుల అటకల మీంచీ వాటిని తెచ్చేవాడు. కళ్ళజోళ్ళ మరలు బిగించే బుల్లి స్క్రూడ్రైవర్లతోనే విప్పి, కడిగి, నూనె వేసి నడిపించేవాడు.

"ఇంట్లో మనుషులకి చోటు లేదు గానీ, ఈ తుప్పుకి మాత్రం రాజభోగం" అని భార్య మొదట్లో సణిగేది. వాళ్ళ నాన్న అక్కడికి రావడం మొదలుపెట్టాక ఆ సణుగుడు ఆగిపోయింది.

మామగారు బట్టల మిల్లులో జీతాల సెక్షన్‌లో పనిచేసి రిటైరైనవాడు. భార్య పోయాక నోట మాట తగ్గిపోయింది. ఒక ఆదివారం ఏమీ తోచక ఆ వెనక గదిలోకి వచ్చి, ఒక యంత్రం హ్యాండిల్ ఊరికే తిప్పాడు. టింగుమని గంట మోగింది. ముసలాయన మొహం విచ్చుకుంది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆయన మకాం అక్కడే. అల్లుడు విప్పుతుంటే ఆయన మరలు పట్టుకునేవాడు. బాగుపడితే "భేష్ అల్లుడుగారూ!" అనేవాడు. అద్దాలాయనకి ఊహ తెలియకముందే తండ్రి పోయాడు. ఒక పెద్దదిక్కు పక్కన కూర్చుని భేష్ అనడంలో అంత రుచి ఉంటుందని నడివయసులో గానీ తెలియలేదు.

అంతా సాఫీగా సాగుతుండగా మరదలికి పెళ్ళయింది. తోడల్లుడు పళ్ళ డాక్టరు. మనిషి అడుగు పెడితే ఇంకొకరికి మాట్లాడే వీలుండదు. మొదటిసారి దుకాణానికి వచ్చినప్పుడు, మూత తీసి ఉన్న యంత్రంలోకి తొంగి చూశాడు.

"ఇదేంటన్నయ్యా, ప్రతి చక్రానికీ పళ్ళే! ఇది మా డిపార్ట్‌మెంటు కదా, మీరెందుకు చూస్తున్నారు?"

మామగారు దగ్గొచ్చేదాకా నవ్వాడు. అద్దాలాయన నవ్వలేదు. ఇన్నేళ్ళలో తాను ఆయన్ని ఒక్కసారి కూడా అలా నవ్వించలేకపోయానని ఆ క్షణంలోనే తట్టింది.

కొన్నాళ్ళకి అసలు దెబ్బ తగిలింది. మామగారు మిల్లులో వాడినది నిండా మీటలుండే యంత్రం. హ్యాండిల్ ఉండదు, నొక్కడమే, మొత్తం కింద గడుల్లో కనబడుతుంది. దానికోసం అద్దాలాయన తిరగని కొట్టు లేదు. అదే రకం యంత్రం పళ్ళ డాక్టరుకి, పన్ను పీకించుకోవడానికొచ్చిన ఎవరో పేషెంటు ద్వారా ఇట్టే దొరికింది. 'వాడు ఎవడి నోట్లోనో వేలు పెడితే నా నోట్లో మట్టి పడింది' అనుకున్నాడు అద్దాలాయన.

ముసలాయన వేళ్ళు ఆ మీటల మీద చూడకుండానే పరిగెత్తాయట. కళ్ళలో నీళ్ళు తిరిగాయట. ఈ సంగతులన్నీ మరదలు ఫోన్లో అక్కకి పూసగుచ్చినట్టు చెప్పింది.

ఆ ఆదివారం వెనక గదిలో కుర్చీ ఖాళీగా ఉంది.

"మామయ్యగారు రాలేదేం?"

"చెల్లెలింటికి వెళ్ళారు. ఏం, వెళ్ళకూడదా?"

"నేనేమైనా అన్నానా?"

"అనలేదు. ఆ టీ కప్పు పెట్టిన చప్పుడే అంది" అంది భార్య.

ఆ తర్వాతి ఆదివారమూ అంతే. అద్దాలాయనకి తిండి సయించలేదు. ఒక టీచరమ్మ కళ్ళజోడుకి కుడి అద్దం ఎడమవైపు, ఎడమది కుడివైపు బిగించి పంపాడు. అరల్లో యంత్రాలన్నీ తనని చూసి జాలి పడుతున్నట్టనిపించి, పరదా వేసేశాడు. ఎక్కడ పళ్ళ డాక్టరు బోర్డు కనబడినా కడుపులో భగ్గుమనేది. తోడల్లుడు చెడ్డవాడైనా బాగుండేది, హాయిగా తిట్టుకోవచ్చు. కానీ వాడు ఎదురైనప్పుడల్లా "అన్నయ్యా, ఆదివారం మీరూ రండి" అని చెయ్యి పట్టుకునేవాడు. అది ఇంకా మంట.

అంతలో ఆ యంత్రం మొరాయించింది. తొమ్మిదికి ఒకటి కలిపితే సున్నా పడుతోంది గానీ, పక్క గడిలోకి ఒకటి దాటడం లేదు. పళ్ళ డాక్టరు కబురు పెట్టాడు. అద్దాలాయన పనిముట్లతో వెళ్ళి మూత తీశాడు. తోడల్లుడు పక్కనే టార్చి పట్టుకుని నుంచున్నాడు. మామగారు కుర్చీ అంచున కూర్చుని, ఆపరేషన్ గది బయట కూర్చున్నవాడిలా చూస్తున్నాడు.

లోపం వెంటనే దొరికింది. వెంట్రుకంత స్ప్రింగు ఒకటి కొక్కెం నుంచి ఊడి పడి ఉంది. మళ్ళీ తగిలిస్తే చాలు. అద్దాలాయన దాన్ని పట్టకారుతో తీశాడు. తగిలించలేదు. చెమట తుడుచుకుంటున్నట్టు చేతిగుడ్డ తీసి, దాంతోపాటే స్ప్రింగునీ జేబులో వేసుకున్నాడు.

"లాభం లేదు. లోపల భాగం పోయింది. ఇప్పుడెక్కడా దొరకదు."

మామగారు మీటల మీద అరచెయ్యి ఆనించి, "పోనీలెండి, దానికీ నా వయసే కదా" అన్నాడు.

ఇక ముసలాయన తన దగ్గరికే వస్తాడనుకున్నాడు అద్దాలాయన. ఆదివారం కుర్చీ తుడిచి, ఆయనకిష్టమైన యంత్రాన్ని బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. సాయంత్రమైంది గానీ, ఎవరూ రాలేదు. తండ్రిని చూడ్డానికి వెళ్ళిన భార్య మొహం వేలాడేసుకుని తిరిగొచ్చింది.

"చెల్లెలింటికీ వెళ్ళలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. అమ్మ పోయినప్పుడు ఇలాగే ఉండేవారు."

అద్దాలాయనకి ఆ మాట గుండెలో దిగింది. మర్నాడు దుకాణం వేళకి తెరవకుండా నేరుగా డాక్టరు క్లినిక్‌కి వెళ్ళాడు. కుర్చీలో ఒకాయన నోట్లో దూది కుక్కుకుని పడుకుని ఉన్నాడు.

పళ్ళ డాక్టరు తలెత్తి చూసి, "స్ప్రింగు తెచ్చారా?" అన్నాడు.

జేబులోకి వెళ్ళబోతున్న అద్దాలాయన చెయ్యి ఆగిపోయింది. "నీకు తెలుసా?"

"రోజంతా ఇంతింత నోళ్ళలో ఇంతింత వస్తువులు వెతికేవాణ్ణి. పక్కనే టార్చి పట్టుకుని నుంచుంటే కనబడదా అన్నయ్యా?"

"మరి అప్పుడే అడగలేదేం?"

"మామయ్యగారి ముందు అడిగితే ఆయనకి ఒక అల్లుడు తగ్గిపోడూ?" డాక్టరు గొంతు తగ్గించాడు. "అయినా నాకు అడిగే మొహం లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో పెద్దల్లుడు ఇది బాగుచేశాడు, పెద్దల్లుడు అది నడిపించాడు, ఇదే పాట. నేను పేషెంట్లందరినీ వేపుకు తిని ఆ యంత్రం సంపాదించింది ఎందుకనుకున్నారు? కూడికలంటే నాకు చిన్నప్పట్నుంచీ ఒళ్ళు మంట."

కుర్చీలో పేషెంటు "ఆ... ఆ..." అన్నాడు.

"మిమ్మల్ని కాదండీ, పడుకోండి" అన్నాడు డాక్టరు.

ఆ సాయంత్రం ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని యంత్రాన్ని మామగారింటికి మోసుకెళ్ళారు. అద్దాలాయన మూత తీసి స్ప్రింగు తగిలించాడు. ముసలాయన తొమ్మిది నొక్కి, ఒకటి నొక్కాడు. పక్క గడిలోకి ఒకటి గెంతింది.

"దొరకదన్నారుగా?"

తోడల్లుడు ఏదో సర్దిచెప్పబోతే అద్దాలాయన ఆపేశాడు. "దొరక్కపోవడం కాదు మామయ్యగారూ. ఆ రోజు నేనే జేబులో వేసుకున్నాను. మీరు తమ్ముడింటికి వెళ్ళడం చూడలేక."

ముసలాయన మీటలు ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతూనే ఉన్నాడు. చివరికి అన్నాడు: "ఇది ఇక్కడే ఉంటుంది. నేనింక ఎవరింటికీ రాను. కావలసినవాళ్ళు మీరే రండి."

అలా ఆదివారాలు మామగారింటికి మారాయి. అద్దాలాయన కుళ్ళు పోయిందా అంటే, పోలేదు. మొన్న దుకాణం పెందరాళే కట్టేసి గబగబా వెళ్ళేసరికి గుమ్మంలో డాక్టరు చెప్పులున్నాయి. లోపల్నుంచి నవ్వులు. కడుపులో పాత మంట లేచింది. కాసేపు మెట్టు మీదే నుంచుని, తలుపు తోసుకుని వెళ్ళాడు.

"రండి రండి, మీకోసమే చూస్తున్నా" అన్నాడు మామగారు. "మీ తమ్ముడికి ఎంత చెప్పినా వేళ్ళు తిరగడం లేదు. మీరైనా నేర్పండి."

"జరుగు తమ్ముడూ" అంటూ కూర్చున్నాడు అద్దాలాయన. ఆ మాటకి కడుపు ఎంత చల్లబడిందో పైకి కనబడనివ్వలేదు.