కరెక్షన్లకు పైసల్లేవు

బాలలక్ష్మి పదో తరగతితోనే చదువు ఆపేసింది కానీ, ముప్పై రెండేళ్లలో ఆమె చేతుల మీదుగా వెళ్లిన పిహెచ్‌డీలు మూడు వందలకు తక్కువ ఉండవు. చెరువుల మీద, బ్యాంకుల మీద, బతుకమ్మ మీద, చివరికి దోమ కడుపులో ఏముంటుందన్న దాని మీద కూడా ఆమె టైపు కొట్టింది. తార్నాక నుంచి యూనివర్సిటీకి వెళ్లే రోడ్డు మీద ఒక్క షట్టరు కొట్టు ఆమెది. అందులో కూర్చునే ఇంతమంది డాక్టర్లను తయారుచేసి పంపింది. వాళ్లలో సగం మంది ఇప్పుడు ఎదురుపడినా ఆమెను గుర్తుపట్టరు. పోనీ, అది వేరే సంగతి.

ఈ నెలాఖరుకు ఆ కొట్టు మూసేస్తోంది. పిల్లలు సొంత లాప్‌టాప్‌ల మీద వాళ్లే కొట్టుకుంటున్నారు. ఆమె మణికట్లు నొప్పి పెడుతున్నాయి. మల్కాజ్‌గిరిలో ఉండే కొడుకు దివాకర్ ఇక చాలమ్మా అని పోరు పెడుతున్నాడు. షట్టరు ఓనరు అప్పుడే మొబైల్ కవర్లు అమ్మేవాడికి మాటిచ్చేశాడు. మిగిలింది ఒక్క థీసిస్, సింధూజ అనే అమ్మాయిది. విమానాలు నడిపే పైలట్లకు జీతం ఎలా లెక్కగడతారు, ఆ లెక్క న్యాయమేనా అన్నది దాని విషయం. సింధూజ గైడు పాతకాలం మనిషి, కాగితం మీద ఎర్రసిరాతో దిద్దితే తప్ప ఆయనకు తృప్తి ఉండదు. అందుకే ఆ పిల్ల ఇక్కడికి వచ్చి పడింది.

మొదటి అధ్యాయం చేతికొచ్చినప్పుడు బాలలక్ష్మికి నవ్వొచ్చింది.

"పైలట్లకేమైంది బిడ్డా? నెలకు లచ్చలొస్తయి. ఆళ్లకు న్యాయం నువ్వు చెయ్యాల్నా?"

"అందరు గట్లనే అంటరు ఆంటీ," అంది సింధూజ. "మా గైడ్ సార్ గూడ ముందు గదే మాటన్నరు."

ఆంటీ! తొంభై మూడులో కొట్టు తెరిచినప్పుడు ఆమె అందరికీ అక్క. అప్పుడు మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో కాపురం. భర్త వీరస్వామి డ్యూటీకి వెళ్లాక ఇన్‌స్టిట్యూట్‌కు పోయి టైపు నేర్చుకుంది. లోయరు, హయ్యరు పరీక్షలు రెండూ ఫస్టు క్లాసులో పాసై, సెకండ్ హ్యాండ్ మిషను ఒకటి కొని ఇక్కడ కూర్చుంది. కంప్యూటర్ రాకముందు కాగితాల మధ్య కార్బన్లు పెట్టి నాలుగు కాపీలు ఒక్క దెబ్బకు కొట్టాలి. ఒక్క అక్షరం తప్పు పడితే నాలుగు చోట్లా చెరపాలి. సాయంత్రానికి వేళ్లు నీలంగా మారేవి. ఎంత తోమినా రంగు పోని ఆ వేళ్లతోనే ఇంటికి పోయి అన్నం కలుపుకునేది. హాస్టల్ పిల్లలు రొప్పుతూ వచ్చి "అక్కా, రేపే లాస్ట్ డేట్" అనేవారు. ప్రతివాడికీ రేపే లాస్ట్ డేట్. తెలంగాణ ఉద్యమం రోజుల్లో క్యాంపస్‌లో బాష్పవాయువు వదిలితే ఘాటు ఇక్కడి దాకా వచ్చేది. ఆమె సగం షట్టరు దించుకుని, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని కొట్టింది. కష్టంగానే ఉండేది. అయినా ఆ రోజులు తలుచుకుంటే ఆమెకు ప్రాణం లేచొస్తుంది.

కరెక్షన్లకు పైసలు తీసుకోకపోవడం కూడా కొట్టు తెరిచిన కొత్తలోనే మొదలైంది. తప్పు తనదైతే ఆ పేజీ మళ్లీ కొట్టి ఊరికే ఇచ్చేది. అది ఆమె తనకు తాను పెట్టుకున్న నియమం. కానీ ఎర్రసిరా పూసుకుని వచ్చిన పేజీల్లో ఏది ఆమె తప్పో, ఏది రాసినవాడి తప్పో, ఏది పొద్దున లేచేసరికి గైడుగారికి మారిన మనసో ఎవరు తేలుస్తారు? తేల్చబోతే మాటలు పెరుగుతాయి. ఎందుకొచ్చిన గొడవ అని అన్నీ కలిపి ఊరికే కొట్టేది. పక్క కొట్లవాళ్లూ అదే దారి పట్టారు. కొన్నేళ్లకు అదొక ఆచారమై కూర్చుంది. పేజీకి ఇంత అని ఒకసారి తీసుకోవడం, ఆ తర్వాత గైడు ఎన్నిసార్లు తిప్పి పంపినా నోరు మూసుకుని దిద్దడం.

ఒక ఆదివారం మధ్యాహ్నం సింధూజ ఒక పైలట్‌ను వెంటబెట్టుకొచ్చింది. థీసిస్‌లో అతని ఇంటర్వ్యూ ఉంది. ఖాయం చేసే ముందు ఒకసారి చదువుకుంటానన్నాడట. నెరిసిన జుట్టు, జీన్స్ ప్యాంటు. గడప దాటుతూనే "అక్కా, బాగున్నవా?" అన్నాడు.

ఆ పిలుపు విని ఎన్నేళ్లయిందో. బాలలక్ష్మి తలెత్తి చూసింది కానీ పోల్చుకోలేకపోయింది.

"నరేందర్‌ను అక్కా. తొంభై తొమ్మిదిల నా ఎలక్ట్రానిక్స్ ప్రాజెక్టు నువ్వే కొట్టినవ్. కరెక్షన్లకు ఐదుసార్లు తిరిగొచ్చిన. ఒక్క పైస ఎక్కువ అడగలే నువ్వు. గా ముచ్చట మా ఇంట్ల ఎన్నిసార్లు చెప్పిన్నో."

ఆమె ముఖం చాటంత అయింది. చాయ్ తెప్పించింది. అతను కాగితాలు చదవడం అయ్యాక మనసులోని మాట అడిగేసింది.

"నిజం చెప్పు తమ్మీ. మీ జీతాల మీద గింత పెద్ద పుస్తకమెందుకు?"

నరేందర్ నవ్వాడు. "జీతం తక్కువంటే కండ్లు పోతయక్కా. నా బాధ గది కాదు. మా కంపెనీల నెలకు ఇన్ని గంటలకు ఇంత అని ఉంటది, ఆపైన ఎగిరిన గంటకు ఇంత అని ఇస్తరు. గా గంట ఎట్ల లెక్క గడ్తరంటే, విమానం కదిలిన నిమిషం నుంచి మళ్ల పోయి ఆగిన నిమిషం దాక. దాన్ని బ్లాక్ టైమ్ అంటరు."

"మరి కదలకముందు?"

"గంట ముందే పోవాలె. వాతావరణం చూడాలె, ఇంధనం ఎంత పోయించాల్నో చూడాలె, విమానం చుట్టూ తిరిగి చూడాలె. మొన్న ఢిల్లీల మంచు పడ్డది. కదలకుండ మూడు గంటలు బెల్టు పెట్టుకొని కూసున్న. ఒక దిక్కు ప్యాసింజర్ల తిట్లు, ఇంకో దిక్కు ఆగుమని కంట్రోల్ వాళ్లు. ఎగురుడు కంటే గా కూసునుడే పెద్ద పని అక్కా. గా మూడు గంటలు మాత్రం లెక్కల లేవు."

"ఒప్పుకొనే గద చేరినవ్?"

"ఒప్పుకున్న. ఒప్పుకుంటే న్యాయం అయిపోతదా?"

అతను వెళ్లేటప్పుడు ఆమె కాళ్లకు దండం పెట్టబోతే వద్దని వారించింది.

మర్నాడు మూడో అధ్యాయంలో ఆ లెక్క టైపు చేస్తుంటే ఆమె చేతులు వాటంతటవే నెమ్మదించాయి. ఇంగ్లీషు మాట్లాడటం రాకపోయినా, ఇన్నేళ్లుగా కొట్టీ కొట్టీ చదివితే అర్థమవుతుంది. కదలని గంటలకు జీతం లేదని అక్కడ రాసి ఉంది. తన కొట్టులోనూ కొత్త పేజీకే పైసలు, పాత పేజీని ఎన్నిసార్లు కెలికినా లేవు. తేడా ఏముంది? మూడు వందల థీసిస్‌లు కొట్టింది కానీ, తన సంగతి ఉన్నది ఈ ఒక్కదాంట్లోనే అనిపించింది. వెంటనే నరేందర్ మీద కోపమొచ్చింది. ఐదుసార్లు తిరిగొచ్చానని అతనికి బాగా గుర్తుంది. ఆ ఐదుసార్లూ పోయినవి ఈమె సాయంత్రాలేనని తోచనే లేదు. మంచివాడు, ప్రేమగా చెప్పుకున్నాడు. అందుకే మరింత మంట పుట్టింది.

సింధూజ అప్పటికే ఆరుసార్లు కరెక్షన్లు తెచ్చింది. షట్టరు దించేలోపు ఈ పిల్లను ఒక్కసారైనా అడగాలని బాలలక్ష్మి గట్టిగా అనుకుంది. మూడు వందల పేజీలు లెక్కలో లేని గంటల మీద రాసిన పిల్లనే అడగలేకపోతే, ఇక ఈ జన్మకు అడిగినట్టే. పక్క కొట్టులో బైండింగు చేసే బుచ్చిబాబుతో ఆ మాటే అంటే అతను తల అడ్డంగా ఊపాడు.

"ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకండీ లక్ష్మిగారూ? పోయే ముందు మంచిపేరు పాడుచేసుకోవడం కాకపోతే."

మంచిపేరు. అదే కదా ఇన్నేళ్లూ నోరు నొక్కింది.

ఏడోసారి సింధూజ వచ్చింది. కళ్ల కింద నల్లచారలు, బ్యాగులో ఎర్రసిరా పేజీలు నలభై. బాలలక్ష్మి పొద్దుటి నుంచి అడగాల్సిన మాట లోపల అప్పజెప్పుకుంటూనే ఉంది. ఆ పిల్ల ముఖం చూడగానే అది మానేసి, "అన్నం తిన్నవా బిడ్డా?" అని మాత్రం అడిగింది. నలభై పేజీలూ మూడు రోజులు కూర్చుని దిద్దింది. ఆ మూడు రోజులూ తన మీద తనకే అసహ్యం వేసింది.

బైండింగుకు ఇచ్చే రోజు సింధూజ చివరి కాగితం తెచ్చింది. ఎవరెవరికి కృతజ్ఞతలు చెప్పాలో రాసుకున్న పేజీ అది.

"గిది చూసి ఏడ్వద్దు ఆంటీ," అని ముందే చెప్పి స్టూలు లాక్కుని కూర్చుంది.

బాలలక్ష్మి కొట్టుకుంటూ పోయింది. గైడు, డిపార్టుమెంటు, అమ్మానాన్నలు, ఇంటర్వ్యూలిచ్చిన పైలట్లు. ఆఖరి పేరా మొత్తం తనదే. ఏ ప్రతిఫలమూ ఆశించకుండా తన కోసం ఎన్నో గంటలు వెచ్చించిన, తల్లిలాంటి బాలలక్ష్మి గారికి జీవితాంతం రుణపడి ఉంటానని ఇంగ్లీషులో అందంగా రాసింది ఆ పిల్ల. నిజమైన ప్రేమతోనే రాసింది. చదవగానే బాలలక్ష్మి కళ్లు చెమర్చాయి కూడా. కానీ మొదటి మాట దగ్గరే చేతులు ఆగిపోయాయి.

"గీ మాట తీసేస్త బిడ్డా."

"ఏ మాట ఆంటీ?"

"ఆశించకుండ అన్నది. అబద్ధం గద. నేను ఆశించిన. నువ్వు కాయితాలు తెచ్చిన ప్రతిసారి ఆశించిన. అడగ నోరు రాలే, గంతే."

సింధూజ ముఖంలో నవ్వు మెల్లగా పోయింది. అది చూసి బాలలక్ష్మి ప్రాణం ఉసూరుమంది. పోనీలే బిడ్డా, ఊరికే అన్నా అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. ముప్పై రెండేళ్లుగా ఆ మాటే అంటూ వచ్చింది. ఈసారి మింగేసింది.

ఆ పిల్ల ఫైలు ఒళ్లోకి లాక్కుంది.

"నలభై మంది పైలట్లను అడిగిన ఆంటీ, లెక్కల లేని గంటలు ఎన్ని అని," అంది. "నీ ముంగటనే కూసొని రాసిన. నిన్ను అడగలే."

సింధూజ కళ్లు తుడుచుకుని, బ్యాగులోంచి పెన్ను తీసింది.

"ఇప్పుడు చెప్పు. ఎన్ని గంటలైతయి?"

బాలలక్ష్మి ఆ పిల్ల ముఖంలోకి చూసింది. అడిగింది మర్యాదకు కాదని తెలిసింది. అప్పుడు తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"నీ ఒక్కదానియా బిడ్డా, అందరియా?"