రెండు నొక్కులు

తొంభైల చివర, డిసెంబర్ మొదటి వారంలో సరిహద్దు కొండల్లోని సైనిక పోస్టుకు చేరాం. పన్నెండు మందిమి. ఎటు చూసినా మంచు. పట్టపగలు కూడా ముప్పై అడుగుల అవతల ఏమీ కనిపించదు. నేను హవల్దార్‌ని, మాది పాతబస్తీలో లాల్‌దర్వాజా. రేడియో ఆపరేటర్‌ది పక్కనే ఉప్పుగూడ, రైల్వే గేటు దగ్గర ఇల్లు.

"రైల్వే గేటు పడ్డట్టే ఉన్నదన్నా. రైలొక్కటే వస్తలేదు," అన్నాడు మొదటి రోజు.

మాకు రెండు వందల గజాల ముందు చిన్న బంకర్‌లో ఇద్దరు ఉండేవారు. రేడియో సెట్టులో మాట్లాడకూడదని ఆర్డర్. గంటకోసారి వాళ్లు సెట్టు మీట రెండుసార్లు నొక్కాలి. మాకు టిక్, టిక్ అని వినిపిస్తే అంతా క్షేమం. వినిపించకపోతే మేం వెళ్లాలి.

ఒక మధ్యాహ్నం రెండు దాటాక ఆ బంకర్ వైపు పైనుంచి మంచు జారిన చప్పుడైంది. మూడింటికి రెండు నొక్కులు వచ్చాయి.

"అన్నా, గిది వాళ్ల చెయ్యి కాదు. వాళ్లు నొక్కే తీరు వేరే," అన్నాడు ఆపరేటర్.

"రెండొచ్చినయా, లేదా?"

"వచ్చినయ్. గనీ..."

"రాసుకో."

క్షేమమని రాశాడు. నాలుగింటికీ వచ్చాయి, ఐదింటికీ వచ్చాయి. ఆరింటికి రాలేదు; వెళ్లినా చీకట్లో బంకర్ దొరకలేదు. తెల్లారి తవ్వితే ఇద్దరూ చనిపోయి ఉన్నారు. సెట్టు మంచుతో పాటు జారిన బండ కింద నుజ్జయిపోయింది. ఆ నొక్కులు ఎక్కడివో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇద్దరం నౌకరీ వదిలి ఇళ్లకు వచ్చాక, నిద్రలేక చిక్కిపోయిన ఆపరేటర్‌ని నేనే దగ్గర్లోని మానసిక వైద్యశాలకు తీసుకెళ్లాను. గది తలుపు మూశారు. డాక్టర్ రాయబోతూ పెన్ను రెండుసార్లు నొక్కాడు, టిక్, టిక్. ఆపరేటర్ ఒక్కసారిగా తలుపు మీద పడ్డాడు. పట్టుకోమన్నారు. కాళ్లు నేనే పట్టుకున్నాను. మంచానికి కట్టారు.

"అన్నా, మల్ల రాసుకో అంటున్నవా?" అన్నాడు నా వైపు చూసి.

నెల రోజులు ఆ డాక్టర్ ముందుకు వెళ్లలేకపోయాను. వెళ్లాక, నా తప్పుతో సహా అంతా చెప్పాను. ఎవరినైనా కట్టే ముందు వాళ్లకేం జరిగిందో అడగమన్నాను. తలుపు తెరిచి ఉంచమన్నాను. ముట్టుకునే ముందు చెప్పమన్నాను. ఆయన పెన్ను సొరుగులో పెట్టి పెన్సిల్ తీశాడు. అప్పటినుంచి పాతబస్తీలో ఏ దవాఖానా రమ్మన్నా వెళ్లి ఇదే చెబుతున్నాను. కొందరు వింటారు.

ఆ డాక్టర్‌తో మాట్లాడిన మరుసటి వారం వెళితే గది తలుపు తెరిచే ఉంది. బయట బల్ల మీద నేనూ ఆపరేటరూ పక్కపక్కన కూర్చున్నాం. గోడ గడియారంలో మూడయింది. అతని బొటనవేలు మోకాలి మీద రెండుసార్లు నొక్కింది. అతను గడియారం చూడలేదు, వేలే నొక్కింది.

ఈసారి నేను క్షేమమనుకోలేదు. "ఎక్కడున్నవు తమ్మీ, చెప్పు. వస్తున్న," అన్నాను.